పడుకున్న ట్యాంకు, మూసిన ప్రశ్న

అపార్టుమెంటు లిఫ్టు. కరెంటు లేదు. ఐదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఇద్దరు: రిటైరైన లెక్కల మాస్టారు, ట్యాంకులు చేసే వెల్డరు. ఆరో అంతస్తు తలుపు సందు దగ్గర వాచ్‌మన్.

“...ఊగకయ్యా, ఊగకు. నువ్వు కాలు మార్చినప్పుడల్లా ఇది కదులుతోంది.”

“నేను కదల్లేదు మాస్టారూ. మీ మోకాళ్ళు వణుకుతున్నాయి.”

“వణుకు కాదది. చలి.”

“ఈ ఉక్కలోనా?”

“నీతో నాకు వాదనేంటి. ఏయ్ వాచ్‌మన్! ఉన్నావా, పోయావా?”

“ఇక్కడే ఉన్నాను సార్. సందులోంచి మీ నెత్తి కనిపిస్తోంది.”

“నా నెత్తి సంగతి తర్వాత. కరెంటు పోతే జనరేటర్ ఉందిగా. అదెందుకు ఆగింది?”

“డీజిల్ అయిపోయింది సార్.”

“అయిపోవడమేంటి! పన్నెండింటికి వేశావు. అప్పటికి కొలకర్ర ముంచితే ఒక గీత దాకా తడిసిందని నువ్వే పుస్తకంలో రాశావు. గీత అంటే వంద లీటర్లు. గంటకి పది లీటర్లు తాగుతుంది. అంటే రాత్రి పదిదాకా రావాలి. ఇప్పుడు టైమెంత?”

“ఐదుంపావు సార్.”

“ఐదుంపావు గంటల్లో వంద లీటర్లు! మిగతా సగం ఏమైంది?”

“తెలీదు సార్. నేనైతే తాగలేదు.”

“చూశావా వెల్డరూ, జవాబు ఎలా ఉందో!”

“అది సరే మాస్టారూ, చేత్తో తిప్పి లిఫ్టు దించే హ్యాండిల్ ఒకటి ఉంటుంది కదా. బాబాయ్, అది తీసుకురా.”

“ఆ హ్యాండిల్ ఇప్పుడు లేదు తమ్ముడూ. మూడేళ్ళుగా ఎవరూ వాడలేదని సార్ పాత ఇనుముకి వేయించేశారు.”

“వాడనిది ఎందుకయ్యా? నేను కాలేజీలోనూ అంతే. పనికిరాదని తోస్తే క్షణం ఉంచను. అది సరే, డీజిల్‌కి ఎవరు వెళ్ళారు?”

“మూడో అంతస్తు వాళ్ళ డ్రైవర్ డబ్బా పట్టుకుని వెళ్ళాడు సార్. ముప్పావుగంట పడుతుందన్నాడు.”

“ముప్పావుగంట! అంటే ఆరు! అయ్యో అయ్యో అయ్యో.”

“ఆరింటికేమైనా పనుందా మాస్టారూ?”

“ఉంది. నీకు చెప్పినా అర్థం కాదులే. ముందు నీ పని చూడు. జనరేటర్ డీజిల్ ట్యాంకు పరీక్షించావు కదా. కారడం లేదని ఈ కాగితం మీద సంతకం పెట్టు. మా ఇంట్లో పెట్టిద్దామనుకున్నాను, ఇక్కడైతేనేం. ఇదిగో పెన్ను.”

“చీకట్లోనా?”

“సంతకానికి వెలుగెందుకయ్యా? నీ పేరు నీకు తెలీదా?”

“కాగితంలో ఏముందో తెలీదు కదండీ.”

“ఏముంటుంది! అసోసియేషన్ సెక్రటరీ హోదాలో నేను రాసింది. ట్యాంకు కారడం లేదు, కాబట్టి డీజిల్ దొంగతనం జరుగుతోంది, కాబట్టి వాచ్‌మన్‌ని రేపటినుంచి పనిలోంచి తీసేస్తున్నాం. ముచ్చటగా మూడు వాక్యాలు.”

“సార్... సార్, నేనిక్కడే ఉన్నాను సార్. నాకు వినబడుతోంది.”

“వినబడనీ. చాటుగా మాట్లాడే అలవాటు నాకు లేదు.”

“పదకొండేళ్ళయింది సార్ ఇక్కడ. కింద గదిలో మా ఆవిడా నేనూ. పని పోతే ఆ గదీ పోతుంది. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు సార్?”

“అది దొంగతనం చేసే ముందు ఆలోచించాలి.”

“చెయ్యలేదు సార్. నా కళ్ళ మీద ఒట్టు.”

“ఒట్టు రుజువు కాదు. నాకు రుజువు కావాలి. నా దగ్గర ఉంది. నీ పుస్తకమే రుజువు. వెల్డరూ, నువ్వు విను. కిందటేడు నువ్వు ట్యాంకు చేసి పెట్టినప్పట్నుంచీ ఈయన రాసిన పుస్తకం మొత్తం చదివాను. కర్ర మీద పది గీతలు. గీతకి వంద లీటర్లు. అంటే ప్రతి గీతకీ పది గంటలు నడవాలి. అవునా?”

“అవునండీ.”

“నడవడం లేదు. నిండుగా ఉన్నప్పుడు పై గీత ఐదు గంటల్లో దిగిపోతుంది. మధ్యకొచ్చేసరికి గీతకి పన్నెండు, పదమూడు గంటలు వస్తుంది. మళ్ళీ అడుగుకి వచ్చేసరికి ఐదే గంటలు. నెలనెలా ఇదే వరస. దీన్నిబట్టి ఏం తేలింది?”

“ఏం తేలిందండీ?”

“మొదట దొంగిలిస్తాడు. మధ్యలో పశ్చాత్తాపం పుట్టి తిరిగి పోసేస్తాడు. ఆఖర్లో ఆశ ఆగక మళ్ళీ దొంగిలిస్తాడు. కాగితంలో కూడా రాశాను, పశ్చాత్తాపంతో సహా.”

“నేను తిరిగి పోశానా సార్?”

“పోశావు. అందుకే పోలీసులకి చెప్పకుండా పనిలోంచి తీసి ఊరుకుంటున్నాను.”

“మాస్టారూ, దొంగతనం చేసేవాడు ఎన్ని గంటలు నడిచిందో నిజం ఎందుకు రాస్తాడండీ పుస్తకంలో?”

“అదే అతి తెలివి అంటే. సంతకం పెట్టు.”

“పెడతానండీ. ముందు ఈ చెమట తుడుచుకోనివ్వండి.”

“చెమట తుడుచుకోవడానికి ఇంతసేపా?”

“ఆరింటికి ఏదో పనుందన్నారు. ఏంటది?”

“మాట మారుస్తున్నావు.”

“కాలక్షేపానికి అడిగానండీ. ముప్పావుగంట గడవాలి కదా.”

“సరే. ఇంటర్నెట్‌లో ఒక సైటుంది. సైన్సు, లెక్కల్లో సందేహాలుంటే అక్కడ అడుగుతారు. తెలిసినవాళ్ళు జవాబు చెబుతారు. దేశదేశాలవాళ్ళు వస్తారక్కడికి. దానికి నేను పెద్ద మోడరేటర్ని. అంటే ఏ ప్రశ్న ఉండాలో, ఏది పోవాలో తేల్చేవాణ్ణి.”

“అబ్బో.”

“రోజూ ఒక్క జవాబైనా చెప్పాలి. ఒక్క రోజు తప్పినా వరుస తెగిపోతుంది, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. నేను తొమ్మిది వందల తొంభై తొమ్మిది రోజులు తప్పలేదు. కంటికి ఆపరేషన్ అయిన రోజు కూడా రెండో కంటితో చెప్పాను. మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు మంచం పక్కన కూర్చుని చెప్పాను.”

“అమ్మగారేమీ అనలేదా?”

“అంది. అది వేరే విషయం. ఇవాళ వెయ్యో రోజు. వెయ్యి నిండితే శిఖరం అని బ్యాడ్జి ఇస్తారు. ఇంతవరకూ ఎవరికీ రాలేదు. సైటు లెక్కలో సాయంత్రం ఆరుతో రోజు ముగుస్తుంది.”

“ఇంకా చెప్పలేదా ఇవాళ?”

“ఇంటికెళ్ళి తీరిగ్గా చెబుదామనుకున్నాను. ఈ డీజిల్ దొంగ వల్ల ఇక్కడ ఇరుక్కున్నాను.”

“ఫోనుందిగా. ఇక్కణ్ణుంచే చెప్పొచ్చు.”

“సిగ్నల్ ఒక గీత ఉంది. చార్జింగు ఆరు శాతం. చెప్పొచ్చు. కానీ...”

“కానీ?”

“ప్రశ్న లేదు.”

“దేశదేశాలవాళ్ళు వస్తారన్నారు!”

“వచ్చారు. పొద్దుట్నుంచీ ముప్పై ఒక్క ప్రశ్నలొచ్చాయి. అన్నీ మూసేశాను.”

“అన్నీనా?”

“నేనేం చెయ్యను! పధ్నాలుగు ఇదివరకే ఎవరో అడిగినవి. తొమ్మిది హోంవర్కు. ఐదింటిలో సొంత ప్రయత్నం కనిపించలేదు. రెండు ప్రశ్నలు మరీ పొడుగు. ఒకటి మరీ పొట్టి.”

“మూసినవాటిలో ఒకటి మళ్ళీ తెరవండి.”

“తెరవాలంటే ముగ్గురు మోడరేటర్లు ఒప్పుకోవాలి. నేనే పెట్టించాను ఆ నిబంధన. మూసింది మూసినట్టే ఉండాలి. కింద మేం రాసిన కారణం కూడా ఎవరూ దిద్దకూడదు, తీయకూడదు. లేకపోతే గౌరవమేముంటుంది?”

“అక్కడ మిమ్మల్ని కూడా మాస్టారనే అంటారా?”

“అసలు పేర్లు వాడం. నా పేరు నిక్కచ్చి... ఏమయ్యా, ఉలిక్కిపడ్డావేం? లిఫ్టు ఊగింది.”

“ఏం లేదండీ. ఆ పేరు విన్నట్టుంది.”

“వినే ఉంటావు. వెల్డింగు చేసేవాళ్ళ దాకా వెళ్ళిందన్నమాట నా పేరు!”

“వెళ్ళిందండీ. బాగానే వెళ్ళింది. ఒక్కటడగనా? ఒక ప్రశ్న మంచిదా కాదా అని ఎలా తేలుస్తారు?”

“ఎనిమిది సెకన్లు చాలు నాకు.”

“మొత్తం చదువుతారా ఎనిమిది సెకన్లలో?”

“మొదటి లైను చదవను. మొదటి లైన్లో ఎప్పుడూ నమస్కారాలు, బతిమాలుకోవడాలు, పెద్దలు దయచేసి అంటూ సోది. రెండో లైన్నుంచి చూస్తాను. వెయ్యి రోజుల అనుభవం. ఒక్కసారి కూడా పొరపాటు జరగలేదు.”

“జరిగితే తెలుస్తుందంటారా?”

“ఎందుకు తెలీదు? ఎవరో ఒకరు చెప్పరూ?”

“ప్రశ్న మూసేశాక ఎక్కడ చెబుతారండీ?”

“నువ్వు భలే తిక్క ప్రశ్నలేస్తావయ్యా. అక్కడుంటే ఎప్పుడో మూసేసేవాణ్ణి నిన్ను. ఇంకో సంగతి చెబుతాను విను. నేను పక్షపాతిని కాను. రుజువు లేని జవాబు కనిపిస్తే తీసిపారేస్తాను, అది ఎవరిదైనా సరే. ఆఖరికి నాదైనా సరే. రెండుసార్లు నా జవాబు నేనే తీసేసుకున్నాను తెలుసా? ఆ రోజు లెక్కలోకి రాకుండా పోతుందని భయపడి, వెంటనే ఇంకోటి రాశాను.”

“తీసేస్తే లెక్కలోకి రాదా?”

“రాదు. నిబంధన నిబంధనే.”

“సార్! సార్!”

“ఏంటి, డీజిల్ వచ్చిందా?”

“లేదు సార్. కిందికెళ్ళి మళ్ళీ కర్ర ముంచి చూసొచ్చాను. కొస తడిసింది, అంతే. టార్చి వేసి ట్యాంకు చుట్టూ చూశాను, నేల పొడిగానే ఉంది. మెట్ల కింద దూరి మరీ చూశాను సార్.”

“మెట్ల కిందేంటి? నీ గుండెల దాకా వచ్చే ట్యాంకు మెట్ల కింద ఎలా పడుతుంది?”

“నిలబెడితే పట్టదు సార్. అందుకే పడుకోబెట్టారు.”

“ఏంటీ?”

“పడుకోబెట్టారు సార్. అడ్డంగా. పీపాని దొర్లించినట్టు.”

“వెల్డరూ!”

“చెప్పండి మాస్టారూ.”

“ట్యాంకు పడుకుని ఉందా?”

“చేసిన రోజు నుంచీ పడుకునే ఉందండీ. మీరు చూడలేదా?”

“అటు డీజిల్ వాసనొస్తుంది. నేను వెళ్ళను. ఉండు. ఉండు ఉండు. మాట్లాడకు. కొలకర్ర మీద గీతలు ఎంతెంత దూరంలో ఉన్నాయి?”

“సమానంగానండీ. నాలుగంగుళాలకొకటి.”

“అన్నీనా?”

“అన్నీ.”

“హా! దొరికింది! దొరికిందయ్యా! గుండ్రటి ట్యాంకు పడుకుని ఉంటే అడుగున ఇరుకు, మధ్యలో వెడల్పు, పైన మళ్ళీ ఇరుకు. అడుగు నాలుగంగుళాల్లో వంద లీటర్లెక్కడ పడతాయి? యాభై పడితే గొప్ప! మధ్య నాలుగంగుళాల్లో నూట పాతిక పైనే పడతాయి. అందుకే కింద ఐదు గంటలు, మధ్యలో పదమూడు గంటలు, పైన మళ్ళీ ఐదు! ఆహా, పుస్తకం ఎంత చక్కగా సరిపోయిందో చూడు!”

“అయితే సార్, పశ్చాత్తాపం?”

“నువ్వాగు. ఇప్పుడు చిక్కు వీడింది. కర్ర అబద్ధం చెబుతోంది. ఆ గీతలు పెట్టినవాడెవడో గానీ శుద్ధ మొద్దు.”

“నేనేనండీ.”

“నువ్వా! ట్యాంకులు చేసేవాడివి, ఆమాత్రం తెలీదా? పడుకున్న ట్యాంకుకి సమానంగా గీతలు పెడతావా?”

“మొదట సమానంగా పెట్టలేదండీ.”

“మరి?”

“ఇరవై లీటర్ల డబ్బాతో నీళ్ళు పోశాను. ఐదు డబ్బాలకొకసారి కర్ర ముంచి, తడిసినచోట గీత పెట్టాను. అడుగు గీత ఆరుంపావు అంగుళాల దగ్గర వచ్చింది. మధ్యలో మూడేసి అంగుళాలకొకటి. పైకెళ్ళేకొద్దీ మళ్ళీ ఎడం.”

“అదే సరైనది! లెక్క కట్టినా అంతే వస్తుంది. మరి ఎందుకు చెరిపావు?”

“నాకే వింతగా అనిపించిందండీ. గీతలు ఇలా ఎగుడుదిగుడుగా వస్తున్నాయేంటి, నా చెయ్యేమైనా తప్పుతోందా అని. తెలిసినవాళ్ళని అడిగాను.”

“మంచి పని చేశావు. ఏమన్నారు?”

“ట్యాంకు ఆకారం అడుగు నుంచి పైదాకా ఒకటే, కాబట్టి గీతలు సమానంగానే రావాలి, పోయడంలో నీ చెయ్యి తప్పింది అన్నారు. అంత పెద్దాయన చెప్పాక ఇంకేం ఆలోచిస్తాం? ఉప్పుకాగితంతో అరిగించేసి, టేపు పెట్టి సమానంగా గీశాను.”

“పెద్దాయనట, పెద్దాయన! ఎవడయ్యా వాడు? నిలబడిన ట్యాంకుకీ పడుకున్న ట్యాంకుకీ తేడా తెలీనివాడు పెద్దాయనెలా అవుతాడు? ఆ ముక్క చెప్పినవాడి వల్ల ఒక అమాయకుడి ఉద్యోగం పోయేదయ్యా!”

“అవునండీ.”

“పడుకున్న ట్యాంకు అని నువ్వు వాడికి చెప్పలేదా?”

“చెప్పానండీ. మొదటి మాటే అది. ‘పడుకోబెట్టిన ట్యాంకు’ అనే మొదలుపెట్టాను.”

“మరి వినిపించుకోలేదా ఆ మూర్ఖుడు?”

“ఆయన మొదటి లైను చదవరటండీ. మాస్టారూ, ఉన్నారా?”

“ఎక్కడికి పోతానయ్యా. తలుపు తెరుచుకుంటే పోదును.”

“నా పేరు అక్కడ నిప్పురవ్వ అండీ.”

“గుర్తు లేదు.”

“ఉండదులెండి. ఎనిమిది సెకన్లే కదా.”

“నువ్వు... నువ్వు బొమ్మ పెట్టాల్సింది. ప్రశ్నతో పాటు బొమ్మ ఉండాలని నిబంధన ఆరులో స్పష్టంగా ఉంది.”

“పెట్టానండీ. ట్యాంకు ఫోటో పెట్టాను.”

“ఫోటో వేరు, బొమ్మ వేరు. పోనీ, సొంత ప్రయత్నం చూపించాలి. అది నిబంధన రెండు.”

“యాభై డబ్బాల నీళ్ళు మోశానండీ. నడుం రెండ్రోజులు పట్టేసింది. దానికన్నా సొంత ప్రయత్నం ఏముంటుంది?”

“మోసినట్టు రాశావా?”

“రాశాను.”

“మొదటి లైన్లోనా?”

“రెండో లైన్లో. ఇదిగోండి, నా ఫోన్లో ఇంకా ఉంది. వెలుగు పెంచుతాను, చూడండి.”

“అక్కర్లేదు.”

“చదువుతాను వినండి. ‘ట్యాంకు ఆకారం పైనుంచి కిందిదాకా ఒకటే. సమాన పరిమాణానికి సమాన ఎత్తు. పోయడంలో చెయ్యి తప్పింది. ప్రశ్న మూసివేయడమైనది. నిక్కచ్చి.’ దీనికి రెండొందల పన్నెండు లైకులండీ.”

“రెండొందల పన్నెండా?”

“సంతోషమా మాస్టారూ?”

“కాదు. కాదయ్యా. నాకు సిగ్గుగా ఉంది.”

“సార్... తలుపు దగ్గరే ఉన్నాను సార్. నాకన్నీ అర్థం కాలేదు గానీ, ఒక్కటి చెప్పండి. నేను దొంగనా, కాదా?”

“నువ్వు... ప్రస్తుతానికి...”

“ప్రస్తుతానికా సార్?”

“కాదు. నువ్వు దొంగవి కాదు.”

“కాస్త గట్టిగా సార్. మా ఆవిడ ఐదో అంతస్తు మెట్ల మీద నిలబడింది. నా మీద మీకు అనుమానమని తెలిసిన ఈ నెల్రోజుల్నుంచీ ఎవరి ముఖమూ చూడ్డం లేదు. దానికి వినబడాలి.”

“నువ్వు దొంగవి కాదయ్యా! అమ్మా, మీ ఆయన దొంగ కాదు! తప్పు నాది!”

“విన్నావటే? విన్నావా! ఏడుస్తుందేంటి ఇది, మంచి మాట చెబితే.”

“బాబాయ్, పిన్నిని కూర్చోబెట్టు, కాసిని మంచినీళ్ళివ్వు. మాస్టారూ, ఆ కాగితం?”

“చింపుతున్నాను. వినబడుతోందా? చింపాను. ఇదిగో రెండు ముక్కలు, సందులోంచి ఇవ్వు ఆయనకి.”

“పశ్చాత్తాపం ఏ ముక్కలో ఉందండీ?”

“వేళాకోళమా? నువ్వు అనాల్సిందేలే. ఒక్కటి చెబుతాను. రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏమీ అడగలేదయ్యా. ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పాను. ఆ తర్వాత ఇంట్లో కూరేం వండాలని కూడా అడిగేవాళ్ళు లేరు. ఏదైనా కావాలంటే ఫోన్లో చూసుకుంటారు. ఆ సైట్లోనే నన్ను అడిగేది.”

“అడిగితే మూసేస్తున్నారు కదండీ.”

“అదే కదా. అడుగుతుంటే తెలిసినవాణ్ణి అనిపిస్తుంది. మూసేస్తే ఇంకా బాగా తెలిసినవాణ్ణి అనిపిస్తుంది.”

“టైము ఆరుకి పది నిమిషాలు తక్కువ. మీ వెయ్యో రోజు సంగతేంటి?”

“వదిలెయ్యి. ప్రశ్న లేదని చెప్పాగా.”

“నేనడుగుతాను.”

“నువ్వా?”

“నా ఫోన్లో చార్జింగుంది. ఇదిగో కొడుతున్నాను. వచ్చిందా?”

“ఆగు. వచ్చింది. ‘పడుకోబెట్టిన ట్యాంకులో వంద లీటర్లకొక గీత పెడితే గీతలు సమానంగా వస్తాయా, రావా?’ ఏమయ్యా, ఇది పాత ప్రశ్నే!”

“పాతదేనండీ.”

“ఇదివరకు అడిగిన ప్రశ్న మళ్ళీ అడిగితే...”

“మూసేస్తారా? మూసెయ్యండి. ఇంకో ప్రశ్న ఈ పది నిమిషాల్లో మీకెక్కడ దొరుకుతుందో చూద్దాం.”

“జవాబు రాయాలంటే నిక్కచ్చి చెప్పింది తప్పని నిక్కచ్చే రాయాలి. నలభై వేలమంది చూస్తారయ్యా!”

“చూడాలనే కదండీ అడిగింది. రెండొందల పన్నెండు మంది మెచ్చుకుని వెళ్ళిపోయారు. వాళ్ళలో ట్యాంకులు చేసేవాళ్ళెంతమందో, గీతలు అరిగించుకున్నవాళ్ళెంతమందో.”

“నన్ను చంపుతున్నావు.”

“మీ ఇష్టం. నేను మాట్లాడను... రాస్తున్నారా?”

“రాస్తున్నాను. తొందరపెట్టకు. కళ్ళజోడు చెమటతో మసకబారింది.”

“నా ఫోన్లో రాస్తారా?”

“ఇంకొకరి ఫోన్లో పాస్‌వర్డ్ కొట్టకూడదని నిబంధన.”

“అదీ మీరు పెట్టిందేనా?”

“నేనే. రెండు శాతం ఉంది. బొమ్మ గీయాలి, కోణం లెక్క కట్టాలి, విస్తీర్ణం చూపించాలి. రెండు శాతంలో ఎలా అవుతుందయ్యా?”

“అన్నీ ఎందుకండీ? నిజం ఒక్క లైను రాయండి చాలు.”

“నిజం ఒక్క లైను... అవునులే. చాలేమో.”

“సార్! డ్రైవర్ వచ్చేశాడు! డీజిల్ పోస్తున్నారు! ఇద్దరూ తలుపుకి దూరంగా జరగండి!”

“అమ్మయ్య. లైటు వచ్చింది మాస్టారూ. మీ ముఖం ఎర్రగా అయిపోయిందేంటి?”

“వేడి.”

“ఇందాక చలన్నారు.”

“తలుపు తెరుచుకుంది, దిగు. వాచ్‌మన్, చెయ్యివ్వు. నేనిక మెట్ల మీద వెళతాను. ఒక్క అంతస్తే కదా.”

“జాగ్రత్త సార్. కాగితం ముక్కలు నాకే ఇచ్చారు, ఇవేం చెయ్యను?”

“పొయ్యిలో వెయ్యి. వెల్డరూ, రేపు కర్ర పట్టుకుని రా. నీ చేత్తో పోసి, నీ గీతలే పెట్టు. నేను వచ్చి పక్కన నిలబడతాను. వాసనైనా సరే.”

“ఇంతకీ రాశారా మాస్టారూ? పంపారా?”

“నీ ఫోన్లోనే చూసుకో. నాది ఇప్పుడే చచ్చిపోయింది.”

“అమ్మో, ఎంత వేగంగా ఎక్కేస్తున్నారో చూడు తమ్ముడూ. ఏం రాశారో నాకూ చదివి చెప్పు.”

“ఆగు బాబాయ్, తెరుచుకుంటోంది. ఆ, రాశారు. ఐదు యాభై ఏడుకి. ‘సమానంగా రావు. నీ చేతి గీతలే సరైనవి. మొదటి లైను చదవకుండా నేను మూసేశాను. నా మాట నమ్మి నువ్వు మార్చిన గీతలు చూసి, ఒక మంచి మనిషిని దొంగ అన్నాను. క్షమించాలి. నిక్కచ్చి.’”

“మంచి మనిషి అంటే నేనేనా?”

“నువ్వే.”

“నలభై వేలమంది చూసేచోట అంత మాట రాశారా! పాపం, పెద్దాయన. అయితే వెయ్యి రోజులు నిండినట్టేగా? మిఠాయి పెట్టాలి ఆయన.”

“నిండలేదు బాబాయ్.”

“టైముకే రాశారన్నావుగా?”

“రాశారు. ఐదు యాభై తొమ్మిదికి ఆ జవాబు తీసేసి ఉంది. ‘రుజువు చూపలేదు కాబట్టి తొలగించడమైనది’ అని.”

“ఎవరు తీశారు?”

“కింద పేరుంది. నిక్కచ్చి.”

“ఆయన జవాబు ఆయనే తీసేసుకున్నారా! అంటే ఇప్పుడది ఎవరికీ కనపడదా?”

“కనపడదు. నేను అడిగినవాణ్ణి కాబట్టి నాకొక్కడికే చూపిస్తోంది.”

“మరి కిందటేడు తప్పు చెప్పారే, అది?”

“అది జవాబు కాదుగా, మూసిన కారణం. దానికి రుజువు అక్కర్లేదు. దాన్ని ఎవరూ దిద్దకూడదు, తీయకూడదు.”

“అయితే అది అలాగే ఉందా? తమ్ముడూ, అది చదివినవాళ్ళ ట్యాంకుల దగ్గర కూడా నాలాంటి వాచ్‌మన్లు ఉంటారు కదా?”

“ఉంటారు బాబాయ్. ఇదిగో, ఇప్పుడే ఇంకొకరెవరో లైకు కొట్టారు. రెండొందల పదమూడు.”